ఓబులమ్మ తలలో అంకె

నమోదు 1. గడువుకు 40 రోజులు

నా ఉద్యోగం ఏమీ లేనిదాన్ని కాపలా కాయడం. ఎగతాళి కాదు, నియామక పత్రంలో దాదాపు ఇలాగే ఉంది. నల్లరాయిగుట్ట కింద నూటపది మీటర్ల లోతున ఇరవై రెండు కిలోమీటర్ల గుండ్రటి గొట్టం ఉంది. అందులో గాలి చొరబడకుండా పంపులు నడపడం నా పని. పంతొమ్మిదేళ్లుగా నడుపుతున్నాను. గాలి లేదు, జీతం ఉంది. ఆ ఖాళీలో ప్రోటాన్లు ఎదురెదురుగా పరుగెత్తి ఢీకొంటాయి. పగిలినవాటిని చూసి లెక్కలు కట్టేవాళ్లు పై గదుల్లో ఉంటారు, వాళ్లకు జీతం ఎక్కువ.

అసలు లాగ్‌ను యంత్రమే రాస్తుంది. అచ్చుతప్పు ఉండదు, జరగనిదాన్ని కూడా జరిగినంత నమ్మకంగా రాస్తుంది. దాని పక్కన మనిషి చేత్తో రాసింది ఒకటి ఉండాలని మా పెద్దసారు మస్తానయ్యగారు పట్టుబట్టారు. అందుకే ఈ పుస్తకం. దీన్ని ఇంతవరకు ఎవరూ చదవలేదు కాబట్టి హాయిగా రాసుకుంటాను.

ఈ రోజు పంపిణీ కార్యాలయం నుంచి ఫలితాధికారి చిదంబరయ్యగారు లిఫ్టులో దిగారు. పైన ఎండకు పది దాటితే మనుషులు బయట తిరగడం లేదు కాబట్టి అధికారులందరికీ ఈ మధ్య మా సొరంగం మీద తెగ శ్రద్ధ పుట్టుకొస్తోంది. ఇక్కడ ఎప్పుడూ ఇరవై నాలుగు డిగ్రీలే.

ఆయన చేతిలో ఒక స్టీలు పెట్టె. కరెంటు ఎవరికి ఎంతో తేల్చేది పంపిణీ యంత్రం. దానికి ఏడాదికోసారి ప్రతి సంస్థా తాను తయారు చేసిందాంట్లోంచి ఒక నమూనా పెట్టెలో పెట్టి చూపించాలి. మందులవాళ్లు సీసా పెడతారు, విత్తనాలవాళ్లు గుప్పెడు గింజలు పెడతారు. మా పెట్టె మీద చీటీ ముందే అంటించి తెచ్చారు: “క్వార్కు – 1”. క్వార్కు అంటే ప్రోటాను లోపలుండే రేణువు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

“ఇన్నేండ్లుగా క్వార్కుల మీద పని చేస్తాండారు. ఒగటన్నా చిక్కిందా?” అన్నారు చిదంబరయ్యగారు.

“చిక్కదు సార్. అది ఒంటిగా ఎప్పటికీ చిక్కదు,” అంది ఫిరోజా. లెక్కలు కట్టే జట్టుకు ఆమె పెద్ద. నోరు తూటా.

“చిక్కదని చెప్పేదానికి ఇంత కరెంటా?”

ఫిరోజా తన జడకున్న రబ్బరు బ్యాండు తీసి లాగి చూపించింది. “రెండు క్వార్కుల్ని విడదీయాలని లాగినాం అనుకోండి. లాగేకొద్దీ బిగుసుకుంటాది. ఇంకా లాగితే తెగుతాది. కానీ తెగిన కాడ రెండు కొత్త క్వార్కులు పుడతాయి, చెరో కొసకు ఒకటి అతుక్కుంటాది. మళ్లా జంటలే. ఆ కొత్తవి యాడ్నుంచి వచ్చినాయి? శూన్యంలోంచి. శూన్యం ఖాళీ కాదు సార్. అదెట్లుంటాదో చూడాలనే ఈ పాట్లన్నీ.”

చిదంబరయ్యగారు శ్రద్ధగా విని, రబ్బరు బ్యాండును పెట్టెలో పెట్టవచ్చా అని అడిగారు.

నలభై రోజుల్లో పెట్టెలోకి ఏదో ఒకటి రాకపోతే, కనీసం ఫారంలో ఫలితం గడి నిండకపోతే, మా కరెంటు చీనీకాయల, అంటే బత్తాయిల, కోల్డ్ స్టోరేజీకి పోతుంది. పంపులు ఆగిపోతాయి. మళ్లీ ఆ గొట్టాన్ని ఖాళీ చేయాలంటే పదకొండు నెలలు పడుతుంది. చీనీకాయల్ని బయటకు తీసి మాకు కరెంటు తిరిగిచ్చేవాడు ఈ రాయలసీమలో ఇంకా పుట్టలేదు.


నమోదు 2. గడువుకు 36 రోజులు

ఉదయం టిఫిను ఉగ్గాని, బజ్జీ. మూడో పంపులో మోత. నూనె మార్చాను, సద్దుమణిగింది.

నా రెండో ఉద్యోగం గురించి కూడా రాయాలి. దానికి జీతం లేదు.

ఫిరోజా జట్టుకు ఒక ఆచారం ఉంది. కావాలనుకున్న జవాబు వైపు తమకు తెలియకుండానే చెయ్యి వంగుతుందని వాళ్లకు భయం. అందుకని జవాబుకు ముసుగు వేస్తారు. కొలతలు మొదలుపెట్టిన రోజున ఎవరో ఒకరు ఒక రహస్య అంకె అనుకుంటారు. దాన్ని యంత్రంలో ఒకసారి నొక్కితే అది ప్రతి ఫలితానికీ ఆ అంకె కలిపేసి, అంకెను మరిచిపోతుంది. మూడేళ్లూ అందరూ ముసుగున్న ఫలితాన్నే చూస్తారు. కొలిచే పద్ధతి ఇక మార్చబోమని అందరూ సంతకాలు పెట్టాకే ఆ రహస్య అంకె అడిగి తీసేస్తారు.

అంకెను మరిచిపోయే యంత్రం కావాలని ప్రత్యేకంగా చేయించారు. మామూలు యంత్రానికి పొద్దున రహస్యం చెబితే సాయంత్రానికి దేశంలోని యంత్రాలన్నిటికీ తెలిసిపోతుంది. కాగితం మీద రాయకూడదు, కెమెరాలున్నాయి. కాబట్టి అంకెను మనిషి తలలోనే దాచాలి. ఆ మనిషికి భౌతికశాస్త్రం మీద ఆసక్తి బొత్తిగా ఉండకూడదు. అందరూ ఒకేసారి నా వైపు చూశారు. గౌరవమో అవమానమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మూడేళ్లుగా నా తలలో ఒక అంకె ఉంది. ఎవరికీ చెప్పలేదు.


నమోదు 3. గడువుకు 29 రోజులు

నా వల్ల వాళ్లు పడే అవస్థ చూడాలి. నేను ముసుగున్న ఫలితాన్ని చూస్తే ముసుగు చెడినట్టే. ఎందుకంటే నేనొక్కదాన్నే మనసులో తీసివేత చేసి అసలు జవాబు తెలుసుకోగలను. అందుకని వాళ్ల గది వైపు వెళ్లినప్పుడల్లా నేను గంట వాయించాలి. ఆ చప్పుడు వినగానే లోపల బోర్డును గోడవైపు తిప్పేస్తారు. అంతటితో ఆగరు. నా మొహంలో ఏమైనా కనిపిస్తుందేమోనని నా మొహం కూడా చూడరు. ఫిరోజా టీ గ్లాసు చేతికిచ్చేటప్పుడు నా చెప్పుల వైపు చూస్తుంది. పీహెచ్‌డీలు చేసినవాళ్లు.

“ఈసారి ఏమి కొలుస్తాండారు ఫిరోజామ్మా?” అని ఊరకే అడిగాను.

“లాంబ్డాలను అక్కా,” అంది నా చెప్పులతో. “శూన్యంలో ఎప్పుడూ క్వార్కు జంటలు పుట్టి మాయమైతాంటాయి. మనం ఢీకొట్టిన దెబ్బకు కొన్ని మాయం కాకుండా బతికి బయటపడతాయి. ఒంటిగా రాలేవు కదా, తోడు చేర్చుకుని లాంబ్డాలనే రేణువులైతాయి. అవి పగిలే తీరు చూస్తే లోపల క్వార్కు ఎటు తిరుగుతాండేదో తెలుస్తాది. కలిసి పుట్టిన జంట ఒకే దిక్కు తిరగల్ల. బయటికొచ్చినాక కూడా అట్లనే తిరుగుతాంటే, శూన్యంలో ఉన్నప్పటి జ్ఞాపకం వాటికి మిగిలినట్టు. ఎంత మిగిలిందో వందకు ఇంత అని లెక్క కడతాం.”

“లేకుంటే?”

“లేకుంటే సున్నా వస్తాది. మన కొంప మునుగుతాది.”

మొదట సంబంధం లేని వాటిని కొలిచి, తర్వాత అసలు జంటల్ని కొలుస్తారని కూడా ఏదో చెప్పింది. ఎందుకని అడగలేదు. నాకు ఆసక్తి లేదు కదా, అదే కదా నా అర్హత.


నమోదు 4. గడువుకు 20 రోజులు

ఇంత జాగ్రత్తనూ చిదంబరయ్యగారు రెండు నిమిషాల్లో తీసి గట్టున పెట్టారు.

మధ్యాహ్నం నేను సంగటి, శనక్కాయల చట్నీ తింటుంటే పంపుల గదికి వచ్చారు. చేతిలో ఆయన ఫారం. పై గదిలో బోర్డు చూసి ఫలితం గడిలో ఒక అంకె ఎక్కించుకుని వచ్చారట. నా కంచం పక్కనే పరిచి పెట్టారు.

“ఓబులమ్మా, వీళ్లు మూడేండ్లు కష్టపడి ఈ అంకె రాసుకున్నారు. ఇదేనా ఫలితం? నీకేమన్నా తెల్సునా?”

చూపు తిప్పుకునేలోపే చూసేశాను.

ఆయన ఫారంలోని అంకె, నా తలలోని అంకె ఒక్కటే. తీసేస్తే సున్నా. జంటలకు ఏ జ్ఞాపకమూ లేదు. మూడేళ్లు మా వాళ్లు కొలిచింది ఏమీ లేదు.

“నాకేం తెల్సు సార్, పంపులు తుడిచేదాన్ని,” అన్నాను. చెయ్యి కడుక్కోవడానికి లేచాను.

ఫిరోజాకు చెప్పాలి. చెబితే ముసుగు చెడిందని రాసుకుని మూడేళ్ల కొలతలు మళ్లీ మొదలుపెడతారు. ఇరవై రోజుల్లో మూడేళ్లు ఎలా పడతాయో నాకు తెలియదు. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. ఎవరూ కనిపెట్టలేదు. ఎవరూ నా మొహం చూడరు కదా.


నమోదు 5. గడువుకు 11 రోజులు

మస్తానయ్యగారు వచ్చారు. గోడ వైపు చూస్తూ మాట్లాడారు, ఆచారం ప్రకారం.

“పంపులు ఒక్కసారిగా ఆగిపోతే గొట్టానికి దెబ్బ తగులుతాదా?”

“తగుల్తాది సార్. గాలి విసురుగా దూరితే లోపల పలకలు వంగిపోతాయి.”

“అయితే ఆపేటప్పుడు నిదానంగా ఆపుదాం. ఎంత టైం పడతాదో రాసియ్యి. తర్వాత ఎప్పుడన్నా ఎవురన్నా మళ్లా నడపాలనుకుంటే, బాగుండల్ల కదా.”

ఆయన ఈ గొట్టం మొదటి ముక్క దించిన రోజు ఇక్కడే ఉన్నారు. గొట్టం చచ్చిపోయాక ఎలా పడుకోబెట్టాలో అడగడానికి వచ్చారు. ఆయన వెళ్లాక మూడో పంపు పక్కన కూర్చుని ఏడ్చాను. పంపు మోతలో ఎవరికీ వినపడదు, ఆ సదుపాయం ఉంది ఇక్కడ.

అప్పుడే ఆ ఆలోచన వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? ఆ అంకె నాకొక్కదానికే తెలుసు. నేను ఏది చెబితే అదే రహస్య అంకె. నా అంకెలో ముందుదాన్ని వెనక్కి, వెనకదాన్ని ముందుకి మార్చి చెబితే సున్నా కాస్తా పద్దెనిమిది అవుతుంది. వందకు పద్దెనిమిది వస్తే ఫిరోజా ఎగిరి గంతేస్తుంది, మస్తానయ్యగారు పంపులు ఆపనక్కరలేదు, చీనీకాయలు కుళ్లితే కుళ్లుతాయి. ఎప్పుడైనా బయటపడితే ముసలిదానికి మతిమరుపు అంటారు. యాభై రెండేళ్లకు ఆ మాత్రం వెసులుబాటు ఉంది.


నమోదు 6. గడువుకు 4 రోజులు

అద్దం ముందు నిలబడి అబద్ధపు అంకె చెప్పడం సాధన చేశాను. బాగానే వస్తోంది. మొహం కూడా తొణకడం లేదు.

పంతొమ్మిదేళ్లలో గేజీ మీద ఏముంటే అదే రాశాను. ఉద్యోగంలో చేరిన ఆరో ఏట పంపు సీలు కారినప్పుడు నెలజీతం కోసినా అదే రాశాను. అప్పుడు రాసింది ఒక పంపు గురించే కదా, ఇప్పుడు అందరి బతుకూ కదా అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. నేను చెప్పేవాటిని నేను పెద్దగా నమ్మను.


నమోదు 7. గడువుకు 1 రోజు

ఇవాళ ముసుగు తీశారు.

ముందు సంతకాలు. “జవాబు ఏది వచ్చినా పద్ధతి మార్చం” అని రాసిన కాగితం మీద పద్నాలుగు మంది సంతకాలు పెట్టారు. ఆ కాగితం తర్వాత చూశాను, ఫిరోజా పేరులో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. చిదంబరయ్యగారు ఖాళీ పెట్టె ఒళ్లో పెట్టుకుని మూల కుర్చీలో కూర్చున్నారు.

నేను గంట వాయించి లోపలికి వెళ్లాను. అప్పుడు వాళ్లు చేసిన పని నేను ఊహించలేదు. పద్నాలుగు మందీ లేచి నాకు వీపు తిప్పి నిలబడ్డారు. అంకె చెప్పేటప్పుడు చెప్పేవాళ్ల మొహం చూడకూడదట, ఆశగా చూసి తడబరచకూడదట.

“చెప్పక్కా, నీ ఇష్టమొచ్చినంత సేపు తీసుకో,” అంది ఫిరోజా గోడతో.

నేను మొహాలకు అబద్ధం చెప్పడం సాధన చేశాను. మొహాలకైతే చెప్పగలను. ఆ చూపుల్లో అనుమానమో ఆశో ఏదో ఒకటి ఉంటుంది, దాన్ని పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. వీళ్లు వీపులు తిప్పుకుని నిలబడ్డారు. మస్తానయ్యగారి చొక్కా వెనక చెమటకు అతుక్కుని ఉంది, ఇరవై నాలుగు డిగ్రీల చల్లదనంలో. నన్ను అడ్డుకోవడానికి ఆ గదిలో ఒక్క తాళం కూడా లేదు. ఇంత తెలివిగలవాళ్లు ఇంత తెలివితక్కువగా నన్ను నమ్మారే అని ఒళ్లు మండింది. ఆ మంటలోనే నోరు తెరిచాను.

“ముప్పై ఒకటి,” అన్నాను.

నిజం చెప్పేశాను. ఇక అంతా అయిపోయింది. పంపులు నిదానంగా ఆపడం గురించి ఆలోచిస్తూ కళ్లు మూసుకున్నాను.

యంత్రం మొదటి వరుస చదివింది. “ముప్పై ఒకటిలోంచి ముప్పై ఒకటి. ఫలితం సున్నా.”

“సున్నా!” అని ఫిరోజా కేక పెట్టింది. “సున్నా వచ్చింది సార్! సున్నా!” పక్కనున్నవాళ్లను కావలించుకుంటోంది. ఉద్యోగం పోతే మనుషులకు మతి పోతుందని విన్నాను కానీ ఇంత తొందరగా పోతుందనుకోలేదు.

“ఏందమ్మా ఆ సంతోషం?” అన్నాను.

“ఇది సంబంధం లేని జంటలది అక్కా! ఒక గుద్దులో పుట్టినదాన్ని తెచ్చి, ఇంకో గుద్దులో పుట్టినదానికి కావాలనే జత కట్టినాం. వాటికి ఒకదానికొకటి ముక్కూమొహం తెలీదు. వాటికి సున్నానే రావల్ల. సున్నా వస్తేనే మన త్రాసు సరిగా ఉందని అర్థం. అసలు జంటలది రెండో వరుస.”

ఆ రోజు చిదంబరయ్యగారు ఎక్కించుకొచ్చింది మొదటి వరుస ఒక్కటే. ఆయన ఫారంలో ఉన్నది ఒకటే గడి మరి.

యంత్రం రెండో వరుస చదివింది. “నలభై తొమ్మిదిలోంచి ముప్పై ఒకటి. ఫలితం పద్దెనిమిది.”

ఈసారి ఎవరూ కేక పెట్టలేదు. మస్తానయ్యగారు కుర్చీ కోసం చేత్తో తడుముకుని కూర్చున్నారు. “దగ్గర దగ్గరగా బయటపడినవాటికి గుర్తుండాది,” అన్నారు, తనలో తానే. “శూన్యంలో కలిసి పుట్టినామని గుర్తుండాది.” ఆయన కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చారు.

చిదంబరయ్యగారికి అనుమానం వచ్చింది. రావాలి, దానికే జీతం. “అంతా ఈమె నోటిమాట మీదనే కదా నడిచింది? ముప్పై ఒకటే అని ఏం నమ్మకం? ఎట్ల గుర్తుండాది మూడేండ్లు?”

అందరూ నా వైపు తిరిగారు. మూడేళ్ల తర్వాత మొదటిసారి నా మొహం చూశారు. చెప్పక తప్పలేదు.

“పదో తరగతిలో లెక్కల్లో నాకు వచ్చిన మార్కులు సార్. ముప్పై అయిదు వస్తే పాసు. మా ఇంట్లో కూడా ఇంగా ఎవురికీ తెలీదు, ముప్పై తొమ్మిదని చెప్పినా. ఎండాకాలంలో సప్లిమెంటరీ రాసి గట్టెక్కినా. గొప్ప కోసం ఎవురన్నా చెప్పుకునే అంకెనా ఇది?”

చిదంబరయ్యగారు ఫారం తీసి పెన్ను కోసం జేబులు వెతుక్కున్నారు.

అందరూ టీ తాగుతున్నప్పుడు ఫిరోజాను పక్కకు పిలిచి, మామూలుగా అడిగినట్టు అడిగాను. “నేను పొరపాటున పదమూడని చెప్పింటే ఏమయ్యేదమ్మా?”

ఆమె నోటిలెక్క కట్టింది. “సంబంధం లేనివాటికి పద్దెనిమిది వచ్చేది. అసలు జంటలకు ముప్పై ఆరు. ప్రకృతిలో వందకు ముప్పై మూడు దాటేదానికి లేదక్కా. రెండూ తప్పే. మూడేండ్ల పని చెత్తబుట్టలో పడేది. నీకు ఎందుకొచ్చింది ఆ అనుమానం?”

“ఊరకే,” అని చెప్పి పంపుల గదికి వచ్చి కూర్చున్నాను. ఇన్ని రోజులూ వీళ్లను కాపాడబోతున్నాననుకున్నాను. ఒక్క మాటతో అందర్నీ ముంచేదాన్ని.


నమోదు 8. గడువు దాటి 3 రోజులు

కరెంటు ఉంది. పంపులు తిరుగుతున్నాయి. గాలి లేదు.

చిదంబరయ్యగారు ఫారంలోని ఒకే ఒక్క గడిలో మొదటి అంకె కొట్టేసి 18 అని రాశారు. దేనిలో పద్దెనిమిదో రాయడానికి చోటు లేదు. పంపిణీ యంత్రం జవాబు ఈ రోజు వచ్చింది: “లక్ష్యం: క్వార్కు 1. సాధించినవి: 18. అభినందనలు. వచ్చే ఏటి లక్ష్యం: 36.”

ఫిరోజా సవరణ కోరుతూ మూడు ఉత్తరాలు రాసింది. మూడింటికీ అభినందనలే వచ్చాయి.

ముప్పై ఆరు తెప్పించే దారి నాకు తెలుసు. అద్దం ముందు సాధన కూడా అయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాశాను, చాలు.


నమోదు 9. గడువు దాటి 10 రోజులు

కొత్త కొలతలు మొదలవుతున్నాయి. కొత్త రహస్య అంకె కావాలి.

“ఈసారి నువ్వొద్దు ఓబులక్కా,” అంది ఫిరోజా, నా మొహంలోకే చూస్తూ. “నిన్న సొంతంగా వచ్చి లాంబ్డాలు ఎంత దూరం పోతే మరిచిపోతాయని అడిగినావు. నీకు ఆసక్తి పుట్టింది. నీకింక అర్హత లేదు.”

పంతొమ్మిదేళ్ల సర్వీసులో నన్ను ఒక పనిలోంచి తీసేయడం ఇదే మొదలు. బాధగా ఉందని చెప్పాలి కానీ లేదు, లోపల్లోపల పొంగిపోయాను.

ఆసక్తి బొత్తిగా లేని మనిషి కోసం వెతికారు. ఎంతో సేపు వెతకనక్కరలేకపోయింది. ఆయన లిఫ్టు పక్కనే కూర్చుని టీ తాగుతున్నారు, పైన ఎండగా ఉంది కదా.

చిదంబరయ్యగారు భయపడిపోయారు. ముప్పై ఆరు తెప్పించాల్సిన మనిషీ ఆయనే, ముసుగు దాచాల్సిన మనిషీ ఆయనే. “నాకు గుర్తుండదమ్మా. ఏ అంకె అనుకోవల్ల? ఇంటి నంబరా? పుట్టినరోజా?”

“అవన్నీ మీ యంత్రానికి తెల్సు సార్,” అన్నాను. “మీకు బాగా సిగ్గేసే అంకె ఒకటి అనుకోండి. అట్లాంటిది ఎవురికీ చెప్పబుద్ధి కాదు, మరిచిపోదామన్నా పోదు. మళ్లా దాంతో ఇంకో అబద్ధం ఆడబుద్ధీ కాదు.”

“నాకట్లాంటివి ఏమున్నాయి?” అని నవ్వారు. నవ్వు సగంలో ఆగింది. టీ గ్లాసు కింద పెట్టారు. ఒళ్లోని స్టీలు పెట్టె మీది చీటీని గోటితో గీకారు.

“ఉండాదిలే ఒకటి,” అన్నారు చివరికి, మెల్లగా.

లేచి వెళ్లి యంత్రంలో ఆ అంకె నొక్కి వచ్చారు. ఆయన తిరిగి వస్తున్నప్పుడు నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.